గ్రంథాలయ కేటలాగులో తెలుగు రచయిత పేరు

ఒక గ్రంథాలయంలో దాశరథి కృష్ణమాచార్య రచనలు ఏవేవి ఉన్నాయో తెలుసుకోవాలంటే అరల మధ్య తిరిగి లాభం లేదు. పుస్తకాలను విషయాన్ని బట్టి విభజించి సర్దుతారు గనుక ‘అగ్నిధార’ తెలుగు కవిత్వం ఉన్న అరకు, ఆత్మకథ అయిన ‘యాత్రాస్మృతి’ జీవితచరిత్రలున్న అరకు, ‘గాలిబ్ గీతాలు’ ఉర్దూ కవిత్వం ఉన్న అరకు చేరుకుంటాయి. ఒకే రచయితవైన ఈ మూడు పుస్తకాలనూ పాఠకుడి కళ్లముందు ఒక్కచోట నిలపడం కేటలాగు పని. ఆ పని నెరవేరాలంటే మూడింటికీ రాసిన నమోదుల్లో రచయిత పేరు అక్షరం తేడా లేకుండా ఒకే విధంగా ఉండాలి. వినడానికి ఇది గుమాస్తా పనిలా తోచవచ్చు గాని, తెలుగువారి పేర్ల విషయంలో ఇది దశాబ్దాలుగా తెగని చిక్కు; నియమావళులు రాసిన పెద్దలు సైతం దీని దగ్గర తడబడ్డారు.

ఒక పుస్తకాన్ని గురించి కేటలాగులో రాసే వివరాల మొత్తాన్ని నమోదు అంటారు. పాత పద్ధతిలో ఈ నమోదు మూడంగుళాల ఎత్తు, ఐదంగుళాల వెడల్పు ఉన్న దళసరి కార్డు మీద ఉండేది; కార్డు కింది అంచున ఉన్న రంధ్రంలోంచి ఒక కమ్మీ సొరుగు పొడవునా సాగి, కార్డులు చెదరకుండా, ఎవరూ పైకి లాగకుండా పట్టి ఉంచేది. కార్డు పైవరసలో రాసే పేరును శీర్షపదం అంటారు. సొరుగులో కార్డుల అకారాది క్రమం దాన్ని బట్టే ఏర్పడుతుంది. దాని కింద కొంచెం లోపలికి జరిపి పుస్తకం పేరు, అనువాదకుడో సంపాదకుడో ఉంటే వారి పేరు, ఎన్నో కూర్పు, ప్రచురణ స్థలం, ప్రచురణకర్త, సంవత్సరం, ఆ తరువాత పుటల సంఖ్య, సెంటీమీటర్లలో పుస్తకం ఎత్తు వస్తాయి. ఒక పుస్తకానికి ఒక్క కార్డు చాలదు. రచయిత పేరు శీర్షపదంగా రాసినదాన్ని ప్రధాన నమోదు అనీ, పుస్తకం పేరు మీద, అనువాదకుడి పేరు మీద, విషయం మీద రాసినవాటిని అదనపు నమోదులు అనీ వ్యవహరిస్తారు. ఏయే అదనపు కార్డులు రాశారో ప్రధాన కార్డు మీదే గుర్తుగా వేసి ఉంచుతారు. పుస్తకం పోయినప్పుడో పేరు మారినప్పుడో అన్ని కార్డులనూ వెతికి పట్టుకోవడానికి ఆ గుర్తులే ఆధారం.

ఈ నమోదులకు నియమాలు ఏర్పడిన చరిత్ర ఐరోపాలో మొదలైంది. ఇటలీ నుంచి రాజకీయ ప్రవాసిగా ఇంగ్లండు చేరి బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో కుదురుకున్న ఆంటోనియో పనిజీ ఆధ్వర్యంలో తయారైన 91 నియమాలు 1841లో అచ్చయ్యాయి. అమెరికాలో చార్లెస్ కట్టర్ 1876లో తన నియమావళిని ప్రచురిస్తూ, రచయిత పేరు గాని, పుస్తకం పేరు గాని, విషయం గాని తెలిసిన పాఠకుడికి కావలసిన పుస్తకం దొరికేలా చేయడమూ, ఒక రచయితవి ఏయే పుస్తకాలు ఆ గ్రంథాలయంలో ఉన్నాయో చూపడమూ కేటలాగు కర్తవ్యాలని నిర్దేశించారు. ఈ రెండో కర్తవ్యమే పేర్ల సమస్యకు మూలం. 1961లో పారిస్‌లో సమావేశమైన వివిధ దేశాల గ్రంథాలయ నిపుణులు, వ్యక్తి పేరులో ఏ పదాన్ని ముందు పెట్టాలన్నది ఆ రచయిత ఏ దేశ పౌరుడో ఆ దేశపు వాడుకను బట్టి, అది కుదరనప్పుడు అతడు రాసే భాష వాడుకను బట్టి నిర్ణయించాలని ఒక సూత్రం చేశారు. ఫ్రాన్సు, జర్మనీ వంటి దేశాలకు ఈ సూత్రం చక్కగా సరిపోయింది. ఒక్కో భాషకు ఒక్కో నామకరణ సంప్రదాయం, ఒకే భాషలో మతాన్ని బట్టీ ప్రాంతాన్ని బట్టీ మరికొన్ని సంప్రదాయాలు ఉన్న భారతదేశానికి దేశపు వాడుక అన్న మాటే అతకదు.

తెలుగు పేరులో ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక వస్తాయి. ఇంటిపేరు తండ్రి నుంచి బిడ్డలకు సంక్రమించే వంశనామం. తరచుగా అది పూర్వులు వదిలివచ్చిన ఊరి పేరు కూడా. సొంతపేరు చివర శాస్త్రి, రావు, రెడ్డి, నాయుడు వంటి పదం ఉంటే అది ఆ పేరులో భాగమే తప్ప వంశనామం కాదు. తమిళుల పేర్లలోనూ ముందు ఊరి పేరు, తండ్రి పేరు వస్తాయి గనుక పైకి చూస్తే రెండూ ఒకే అచ్చులో పోసినట్లు కనిపిస్తాయి. అయితే తండ్రి పేరు తరం తరానికీ మారుతుంది, ఇంటిపేరు మారదు. గ్రంథాలయ నియమాలు ఈ తేడాను చాలాకాలం పట్టించుకోలేదు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేస్తూ 1934లో ‘క్లాసిఫైడ్ కేటలాగ్ కోడ్’ను వెలువరించిన షియాలి రామామృత రంగనాథన్, ఐరోపా నియమావళులు భారతీయుల పేర్లకు చేస్తున్న అన్యాయాన్ని గట్టిగా ఎత్తిచూపినవారిలో అగ్రగణ్యులు. ఆయన వ్యక్తి పేరును ప్రవేశపదం, ద్వితీయపదం అని రెండుగా విడదీశారు. ప్రవేశపదాన్ని పెద్దబడి అక్షరాల్లో ముందు రాసి, ద్వితీయపదాన్ని కుండలీకరణంలో ఉంచడం ఆయన పద్ధతి. ఆ పద్ధతిలో ఆయన పేరే రంగనాథన్ అని మొదలై, ఊరి పేరైన షియాలి, తండ్రి పేరైన రామామృత వెనక్కి వెళతాయి. తమిళ పేరుకు ఇంతకన్న సముచితమైన ఏర్పాటు లేదు. అదే కొలతను తెలుగుకు పెట్టినప్పుడు అప్పారావు ముందుకు వచ్చి గురజాడ కుండలీకరణంలోకి పోతుంది. అదీగాక పెద్దబడి, చిన్నబడి అన్న భేదమే లేని తెలుగు లిపిలో ప్రవేశపదాన్ని కంటికి వేరుగా చూపించే ఉపాయం కూడా ఆ పద్ధతిలో కరవైంది.

ఇంగ్లీషు దేశాల గ్రంథాలయాలు ఉమ్మడిగా తయారుచేసుకుని, భారతీయ విశ్వవిద్యాలయాలు సైతం పాఠ్యాంశంగా చేసుకున్న ఆంగ్లో అమెరికన్ నియమావళి 1967లో వచ్చింది. దాని రెండో కూర్పు 1978లో వెలువడింది. అందులో భారతీయ పేర్లకు ప్రత్యేక నియమాలు ఉన్నమాట నిజమే. వంశనామం ఉంటే దాని కింద నమోదు చేయాలన్న నియమం చెప్పిన తరువాత, వంశనామం లేని దక్షిణాది పేర్ల కోసం కన్నడ, మలయాళ, తమిళ, తెలుగు భాషలను ఒకే గాటన కట్టి, వాటిలో సొంతపేరుకు ముందు వచ్చేది సాధారణంగా ఊరి పేరని ఆ నియమావళి వివరించింది. పర్యవసానంగా, తెలుగు ఇంటిపేరును వంశనామంగా గుర్తించాలో, తమిళంలోని ఊరి పేరులా పక్కకు నెట్టాలో తేల్చుకునే భారం ఒక్కొక్క కేటలాగరు మీద పడింది. ఒకే గ్రంథాలయంలో ఇద్దరు ఉద్యోగులు రెండు రకాలుగా తేల్చుకుంటే ఒకే రచయిత పుస్తకాలు రెండు సొరుగుల్లోకి చీలిపోతాయి. వారిద్దరిలో ఎవరినీ తప్పుపట్టడానికి వీలుండదు.

అంతకన్న పెద్ద నష్టం, పేరులోని చివరి పదమే వంశనామమని పాశ్చాత్య అలవాటు కొద్దీ అనుకోవడం వల్ల కలిగింది. ఆ లెక్కన తెలుగు రచయితల్లో ఒక పెద్ద భాగం రావు, రెడ్డి, శాస్త్రి, శర్మ, మూర్తి అన్న ఐదారు పదాల కింద పోగుపడుతుంది. నార్ల వెంకటేశ్వరరావును రావు కింద చూసినా, వెంకటేశ్వరరావు కింద చూసినా కాటూరి వెంకటేశ్వరరావు సహా ఎందరో వెంకటేశ్వరరావుల మధ్య వెతకవలసి వస్తుంది. నార్ల కింద చూస్తే కొద్దిమందే ఉంటారు. తెలుగునాట సొంతపేర్లు చాలావరకు దేవుళ్ల పేర్ల నుంచి వచ్చినవి కావడం వల్ల వాటి సంఖ్య పరిమితం. ఇంటిపేర్లు మాత్రం అసంఖ్యాకం. మనిషిని మనిషి నుంచి వేరుచేసి చూపే గుణం ఏ పదానికి ఎక్కువగా ఉందో ఆ పదాన్నే ముందు పెట్టడం కేటలాగు ప్రయోజనానికి తగిన పని. తెలుగు విషయంలో ఆ పదం ఇంటిపేరే.

కాబట్టి తెలుగు లిపిలో తయారయ్యే కేటలాగులో గురజాడ అప్పారావు అని, ముఖపత్రం మీద ఉన్న వరసలోనే, మధ్యలో కామా అయినా లేకుండా రాయడం ఉత్తమం. ఇంగ్లీషు పేరులో వెనుక ఉన్న వంశనామాన్ని ముందుకు లాగినందుకు గుర్తుగా కామా పెడతారు. తెలుగు పేరులో వంశనామం పుట్టుకతోనే ముందు ఉంది గనుక లాగవలసిందీ లేదు, గుర్తు పెట్టవలసిందీ లేదు. అప్పారావు కింద వెతికే పాఠకుడి కోసం ‘అప్పారావు, గురజాడ’ అన్న కార్డు ఒకటి రాసి, ‘గురజాడ అప్పారావు చూడండి’ అని దారి చూపితే చాలు. ఇలాంటి దారి చూపే కార్డును చూడుడు సూచిక అంటారు.

అయితే ఇంటిపేరును ముందు పెట్టాలన్నది కూడా గుడ్డిగా అమలు చేయదగిన నియమం కాదు. ముగ్గురు విద్వాంసుల పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే కారణం బోధపడుతుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రపంచానికి రాధాకృష్ణన్‌గానే తెలుసు. ఇంగ్లీషు కేటలాగుల్లో ఆయన సొంతపేరే శీర్షపదం. 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించిన యల్లాప్రగడ సుబ్బారావు విషయంలో సుబ్బారావు అన్న సొంతపేరే వంశనామంలా స్థిరపడింది. ఆ పద్ధతిని ఇప్పటికీ జీవరసాయన శాస్త్రంలో ఫిస్క్, సుబ్బారావుల పద్ధతి అనే పిలుస్తారు. ఇక గణాంక శాస్త్రంలో 1945 నాటి పరిశోధనతో చిరస్మరణీయుడైన కల్యంపూడి రాధాకృష్ణారావు పేరులో సొంతపేరు కూడా వెనక్కి తగ్గి, చివరి తునక మాత్రమే మిగిలింది. క్రామెర్, రావు అవధి అంటేనే గణాంకవేత్తలకు అర్థమవుతుంది. పైన తప్పని చెప్పిన రావు అన్న శీర్షపదం ఆయన ఒక్కరి విషయంలో వాడుక బలం చేత ఒప్పవుతుంది. ముగ్గురివీ తెలుగు ఇంటిపేర్లే, మూడు పేర్లకూ దక్కిన ఫలితాలు వేరు. వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు గ్రంథాలను ఉదహరించే పండితులు ఆయనను కొందరు రావు కింద, కొందరు నారాయణరావు కింద చూపుతుంటారు. రచయిత ఏ రూపంలో ప్రసిద్ధుడో ఆ రూపమే శీర్షపదం కావాలన్న సూత్రం న్యాయమైనదే గాని, ప్రసిద్ధి ఏ పాఠకుల మధ్య అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

తెలుగు పాఠకుల మధ్య అయినా ప్రసిద్ధి ఒకే తీరుగా ఉండదు. విశ్వనాథ, గిడుగు, రాయప్రోలు అంటూ కొందరిని ఇంటిపేరుతో తలుచుకునే సాహిత్యలోకమే కృష్ణశాస్త్రిని, జాషువాను, తిలక్‌ను సొంతపేరుతో తలుచుకుంటుంది. దాశరథి అన్న ఒక్క మాట కృష్ణమాచార్యకు కలంపేరులా స్థిరపడింది, ‘చిల్లరదేవుళ్లు’ నవల రాసిన ఆయన తమ్ముడు రంగాచార్యకూ అదే ఇంటిపేరు. రాజమహేంద్రవరంలో దాదాపు ఒకే కాలంలో రచనలు చేసిన శ్రీపాదలు ఇద్దరు: మహాభారతాన్ని తెనిగించిన కృష్ణమూర్తి శాస్త్రి ఒకరు, కథకుడు సుబ్రహ్మణ్యశాస్త్రి మరొకరు. ఇంటిపేరే లేని రచయితలూ ఉన్నారు. పిఠాపురం పీఠాధిపతి, కవి అయిన ఉమర్ ఆలీషా పేరులో ఇంటిపేరు కోసం వెతకడం వృథా.

కలంపేర్ల సంగతి ఇంకొక అధ్యాయం. 1908 నాటి ఆంగ్లో అమెరికన్ నియమాల ప్రకారం రచయిత అసలు పేరే శీర్షపదం కావాలి. అందువల్ల మార్క్ ట్వేన్ పుస్తకాలు అమెరికాలో చాలాకాలం శామ్యూల్ క్లెమెన్స్ కింద ఉండేవి. ఆ నియమాన్ని తెలుగుకు వర్తింపజేస్తే ‘మహాప్రస్థానం’ శ్రీరంగం శ్రీనివాసరావు కింద, ‘సమగ్రాంధ్ర సాహిత్యం’ భాగవతుల సదాశివశంకర శాస్త్రి కింద, ‘చివరకు మిగిలేది’ శివరాజు వెంకట సుబ్బారావు కింద చేరతాయి. శ్రీశ్రీని, ఆరుద్రను, బుచ్చిబాబును అడుగుతూ వచ్చిన పాఠకుడు ఖాళీ చేతులతో తిరిగి వెళతాడు. తరువాతి నియమావళులు ఈ పట్టును సడలించి, పుస్తకాల మీద ఏ పేరుతో రచయిత కనిపిస్తాడో ఆ పేరుకే పట్టం కట్టాయి. శ్రీశ్రీ పేరు మరొక చిన్న పరీక్ష కూడా పెడుతుంది: పేరుకు ముందున్న శ్రీ గౌరవవాచకం గనుక దాన్ని వదిలేయాలన్న నియమాన్ని కంప్యూటరుకు అప్పగిస్తే, ఆ మహాకవి పేరులో ఏమీ మిగలదు.

జంటకవుల దగ్గర ఒక పేరుకు ఒక మనిషి అన్న లెక్కే తప్పుతుంది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తిరుపతి వేంకట కవులుగా ఒకే పేరుతో రచనలు వెలువరించారు; 1920లో తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత కూడా వేంకటశాస్త్రి ఆ ఉమ్మడి పేరును విడిచిపెట్టలేదు. ఉమ్మడి పేరు కింద ఉన్న ఏ పద్యం ఎవరిదో తేల్చడం కేటలాగరు పని కాదు. ఉమ్మడి పేరును స్వతంత్రమైన శీర్షపదంగా నిలిపి, వేంకటశాస్త్రి ఒక్కరి పేరుతో వచ్చిన ‘కథలు గాథలు’ వంటివాటిని చెళ్లపిళ్ల కింద ఉంచి, రెండు చోట్లా ‘ఇవి కూడా చూడండి’ అన్న సూచిక రాస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. భార్యాభర్తలు కలిసి రాసిన బీనాదేవి పేరుకూ ఇదే మార్గం.

పేరును రోమన్ లిపిలోకి మార్చినప్పుడు చిక్కు రెట్టింపవుతుంది. అమెరికా తన గోధుమలను భారతదేశానికి అమ్మి, ఆ సొమ్మును రూపాయల్లోనే తీసుకోవడానికి వీలుకల్పించిన పబ్లిక్ లా 480 అన్న చట్టం పుణ్యాన, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం నడిపి, భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపడం మొదలుపెట్టింది. తెలుగు నవలలూ కవితా సంపుటాలూ అలా గోధుమ డబ్బుతో సముద్రాలు దాటాయి. వాటి నమోదులను మాత్రం దీర్ఘాల మీద గీతలు, మూర్ధన్యాల కింద చుక్కలు పెట్టిన రోమన్ లిపిలో రాశారు. భారత జాతీయ గ్రంథసూచి కూడా అన్ని భాషల పుస్తకాలనూ ఒకే వరసలో చూపడం కోసం రోమన్ లిపినే ఎంచుకుంది. ఈ ఖచ్చితమైన లిప్యంతరీకరణకూ, రచయితలు తాము ఇంగ్లీషులో రాసుకునే పేర్లకూ పొంతన ఉండదు. గురజాడ పేరును కొందరు జె అక్షరంతో, కొందరు జెడ్ అక్షరంతో రాస్తారు. సింగిరెడ్డి నారాయణరెడ్డి తెలుగులో ‘సి.’ అని రాసుకున్న పొడి అక్షరం ఇంగ్లీషు పుస్తకాల మీద మూడో అక్షరమైన సీగా మారింది. ఇంటిపేరును పూర్తిగా లిప్యంతరీకరిస్తే అది ఎస్‌తో మొదలవుతుంది. అభిమానులకేమో ఆయన సినారె. ఒక్క జ్ఞానపీఠ కవికి ఇన్ని ద్వారాలు ఉన్నప్పుడు ఒక్కటి తెరిచి మిగిలినవి మూయడం కుదరదు.

పేరు ఎలా రాయాలన్నది తేలినా, పాత తెలుగు పుస్తకపు ముఖపత్రం నుంచి దాన్ని వెలికితీయడానికి కొంత ఓర్పు కావాలి. మహామహోపాధ్యాయ, కళాప్రపూర్ణ, కవిసార్వభౌమ వంటి బిరుదుల వరస దాటితే గాని పేరు కనబడదు. ఆ వరసలో బిరుదు ఎక్కడ ముగిసి పేరు ఎక్కడ మొదలైందో గుర్తించాలి. ప్రచురణ కాలం సంవత్సర నామంతో మాత్రమే ఉన్న పుస్తకాలు కొల్లలు. శుభకృత్ అని ఉంటే అది 1902లో ఉగాదితో మొదలై 1903లో ముగిసిన ఏడు కావచ్చు, అరవై ఏళ్ల తరువాతి 1962, 63 సంవత్సరాలు కావచ్చు. కాగితాన్నీ అచ్చునూ ముద్రణాలయం పేరునూ చూసి నిర్ణయించి, తన ఊహ అని తెలిసేలా చదరపు కుండలీకరణంలో ఆ సంవత్సరాన్ని రాయడం కేటలాగరు మర్యాద. పుస్తకాల పేర్లలోనూ శ్రీ, శ్రీమత్, ఆంధ్ర అన్న ఉపసర్గలాంటి పదాలు ముందు నిలబడటంతో భారత భాగవత రామాయణాలన్నీ ఒకటి రెండు అక్షరాల కింద గుంపుకడతాయి. ‘శ్రీమదాంధ్ర మహాభాగవతము’ కోసం పోతన భాగవతం అని అడిగేవారే ఎక్కువ. ఆ వాడుక పేరుకూ ఒక సూచిక ఉండాలి.

వర్ణక్రమం సంగతి మరీ సూక్ష్మం. ఎఱ్ఱన, ఎర్రన, ఎఱ్ఱాప్రగడ, ఎర్రాప్రగడ అన్నవి ఒకే కవి పేరు; వేంకట, వెంకట అన్నవి ఒకే పదం; లింగము, లింగం అన్నవి ఒకే మాటకు పాత కొత్త రూపాలు. మనిషి కన్ను ఈ తేడాలను దాటిపోతుంది. యూనికోడ్‌లో ర ఒక సంఖ్య, ఱ మరొక సంఖ్య కావడంతో కంప్యూటరు వాటిని రెండు వేర్వేరు పేర్లుగానే చూస్తుంది; ఒకటి టైపు చేసి వెతికినవారికి మరొకటి కనిపించదు.

ఇన్ని రూపాలనూ ఒక్క తాటిమీదకు తెచ్చే సాధనాన్ని ప్రామాణిక నామపట్టిక అంటారు. ఇది పుస్తకాల పట్టిక కాదు, పేర్ల పట్టిక. ప్రతి రచయితకూ ఒక నమోదు ఉంటుంది. అందులో ఎంచుకున్న రూపం ఒకటి, తిరస్కరించిన రూపాలన్నీ దాని కింద, ఆ నిర్ణయానికి ఆధారమైన పుస్తకం లేదా నిఘంటువు పేరు ఆఖరున ఉంటాయి. 1960ల్లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఎవ్రమ్ నాయకత్వంలో రూపొందిన మార్క్ అన్న యంత్రపఠనీయ పద్ధతిలో ఎంచుకున్న వ్యక్తి పేరుకు 100 అన్న సంఖ్య, వదిలేసిన రూపాలకు 400 అన్న సంఖ్య కేటాయించారు. శ్రీశ్రీ నమోదును ఆ పద్ధతిలో ఊహిస్తే, 100 దగ్గర ‘శ్రీశ్రీ, 1910-1983’ అని, 400 దగ్గర ‘శ్రీరంగం శ్రీనివాసరావు’ అని, మరొక 400 దగ్గర ‘శ్రీనివాసరావు, శ్రీరంగం’ అని ఉంటుంది. పేరు పక్కన జనన మరణ సంవత్సరాలు చేర్చేది జీవిత విశేషాలు చెప్పడానికి కాదు, అదే పేరుగల మరొకరితో కలిసిపోకుండా ఉండటానికి. పుస్తకాల నమోదులో 880 అన్న సంఖ్య కింద తెలుగు లిపి రూపాన్ని రోమన్ రూపానికి జతచేసే వీలు కూడా మార్క్‌లో ఉంది. తెలుగు పేరు తెలుగు లిపిలోనే ప్రధాన స్థానంలో ఉండకుండా జతగా మిగలడం అమెరికా గ్రంథాలయాలకు సౌకర్యమే గాని, ఇక్కడి గ్రంథాలయాలు అదే వరసను అనుకరించవలసిన అవసరమేదీ లేదు.

ఒక దేశపు పట్టికను మరొక దేశపు పట్టికతో అనుసంధానించే ప్రయత్నం 2003లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జర్మనీ జాతీయ గ్రంథాలయం, ఓసీఎల్‌సీ సంస్థ కలిసి మొదలుపెట్టిన వయాఫ్‌తో ఊపందుకుంది. ఇందులో ఏ దేశం ఎంచుకున్న రూపం ఆ దేశానిదిగానే ఉంటుంది. ఆ రూపాలన్నీ ఒకే మనిషివని మాత్రం ఒక సంఖ్య చెబుతుంది. పదహారు అంకెల ఇస్ని సంఖ్య, పరిశోధకులకు 2012 నుంచి అందుబాటులో ఉన్న ఆర్కిడ్ సంఖ్య ఇదే దారిలోవి. అమెరికా పాస్‌పోర్టు మీద ఇంటిపేరు వెనక్కి పోయి, పత్రికలో అచ్చయిన వ్యాసం మీద పొడి అక్షరంగా కుంచించుకుపోయిన తెలుగు పరిశోధకుడికి ఈ సంఖ్యలే తన వ్యాసాలన్నీ తనవని చాటుకునే ఆధారాలు.

ఈ అనుసంధానాలకు తెలుగునేల నుంచి అందవలసిన సరుకు ఇంకా అందవలసే ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య తదితరుల తపన పుస్తకాన్ని పల్లెకు చేర్చడం. కేటలాగు నియమాలు ఆనాటి అత్యవసరం కాదు. ఇప్పుడు పరిస్థితి వేరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు గాని, వాటి పేర్లనూ రచయితల పేర్లనూ రోమన్ లిపిలో ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు టైపు చేశారు. పుస్తకం ఉంది, తెరవడానికి డబ్బు అక్కరలేదు, అయినా వెతికితే దొరకదు. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పుస్తకాలను ఒక్కొక్కటిగా తెరిచి, పేర్లను తెలుగు లిపిలో పట్టికలుగా రాయవలసి వచ్చింది. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి పాత గ్రంథాలయాల్లో పోగుపడిన సంపదను ఆధారం చేసుకుని, రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కలిసి తెలుగు లిపిలో ఒక ప్రామాణిక నామపట్టికను తయారుచేస్తే, ఆ పని ఒక్కసారి చేసినా ప్రపంచంలోని ప్రతి గ్రంథాలయానికీ ఉపయోగపడుతుంది. ‘ఆంధ్ర కవుల చరిత్రము’ కూర్చిన వీరేశలింగం కవుల పేర్లనూ కాలాలనూ వారికి ఆపాదించిన గ్రంథాలనూ ఎంత శ్రమపడి విడదీశారో చూస్తే, ఈ పట్టికకు పునాది ఎప్పుడో పడిందని తెలుస్తుంది.

పట్టిక తయారుచేసేవారు మొదట నేర్చుకోవలసింది, ఎక్కడ తీర్పు చెప్పకూడదో తెలుసుకోవడం. ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయడి పేరుతో ప్రచారంలో ఉంది. అది శ్రీనాథుడి రచనేనని వాదించిన పండితులూ ఉన్నారు. కేటలాగరు ఈ వివాదంలో పక్షం వహించడు. పుస్తకం మీద ఉన్న వల్లభరాయడి పేరు కింద ప్రధాన నమోదు రాసి, శ్రీనాథుడి పేరు కింద అదనపు నమోదు చేర్చి, కర్తృత్వం వివాదాస్పదమని ఒక్క వాక్యం గమనికగా రాస్తాడు. శ్రీనాథుడి రచనలు చదవాలని వచ్చినవారికీ, వల్లభరాయడి కోసం వచ్చినవారికీ పుస్తకం దొరుకుతుంది. రేపు వాదం ఏ వైపు తేలినా మార్చవలసింది ఆ గమనికలోని ఒక్క వాక్యమే.